ఇమామ్ గజాలీ (రహ్మ.): తన సంకల్పాన్ని తానే ప్రశ్నించుకున్న ఆలిం

మనిషి మంచి పని ఎందుకు చేస్తాడు? జైలుకు భయపడి దొంగతనం మానేవాడున్నాడు. నలుగురిలో పరువు పోతుందని అబద్ధం ఆడనివాడున్నాడు. ఊరంతా తన పేరు చెప్పుకోవాలని దానం చేసేవాడున్నాడు. చిన్నప్పటి నుంచి అలవాటైపోయిన కారణంగా మస్జిదుకు వెళ్ళేవాడూ ఉన్నాడు. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహతో, ఆయన ప్రసన్నత కోసమే ఇవన్నీ చేసేవాడు కూడా ఉన్నాడు. పైకి చూస్తే అందరి పనీ ఒకలాగే కనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చేసేవాడికి తెలియాలి, లేదా అల్లాహ్ కు తెలియాలి. చాలాసార్లు చేసేవాడికి కూడా తెలియదు.

సహీహ్ బుఖారీ తెరవగానే మొట్టమొదట కనిపించే హదీసు సంకల్పం (నియ్యత్) గురించినదే. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసును మనం పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం, జుమా ప్రసంగాల్లో వింటాం, వివాహ సభల్లో కూడా చెప్పుకుంటాం. దాన్ని ఇతరుల మీద కాక తన మీదే ప్రయోగించుకుని, ఆ పరీక్షలో తాను నెగ్గలేదని గ్రహించి, అంతటి కొలువునూ కీర్తినీ విడిచి వెళ్ళిపోయిన ఒక ఆలిం జీవితాన్ని ఈ నెల మీ ముందుంచుతున్నాం. ఆయనే హుజ్జతుల్ ఇస్లాం ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మ.).

ఆయన హిజ్రీ 450లో, అంటే క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి, తూస్ బజారులో అమ్ముకుని బతికే పేదవాడు. చదువుకున్నవాడు కాదు. కాని ఆలిముల సభలంటే ఆయనకు ప్రాణం. ఫిఖహ్ పండితుల మాటలు విన్నప్పుడల్లా కంటతడి పెట్టి, తనకు ఒక ఫఖీహ్ కొడుకును ప్రసాదించమని అల్లాహ్ ను వేడుకునేవారట. ధార్మిక ప్రసంగాలు విన్నప్పుడు ఒక ప్రబోధకుడైన కొడుకు కావాలని దుఆ చేసేవారట. రెండు దుఆలూ ఫలించాయి. పెద్దకొడుకు ముహమ్మద్ తన కాలపు ఫఖీహుల్లో అగ్రగణ్యుడయ్యాడు. చిన్నకొడుకు అహ్మద్ వినేవారి గుండెలు కరిగించే ప్రబోధకుడయ్యాడు. ఆ తండ్రి మాత్రం ఇవేవీ చూడకుండానే కన్నుమూశారు.

చనిపోయేముందు ఆయన తన దగ్గరున్న కొద్దిపాటి సొమ్మును, ఇద్దరు పిల్లలను ఒక సూఫీ మిత్రుని చేతుల్లో పెట్టారు. తనకు దక్కని చదువు వీళ్ళకు దక్కాలని, ఉన్నదంతా ఖర్చయిపోయినా పరవాలేదని చెప్పుకున్నారు. మిత్రుడు మాట నిలబెట్టుకున్నాడు. అయితే ఆ సొమ్ము ఎంతకాలం వస్తుంది? ఒకరోజు అది అయిపోయింది. ఆయనా పేదవాడే. పిల్లల్ని కూర్చోబెట్టి ఉన్న సంగతి దాచకుండా చెప్పాడు. ఏదైనా మదర్సాలో విద్యార్థులుగా చేరితే కనీసం తిండి దొరుకుతుందని సలహా ఇచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు మదర్సాలో చేరారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని కోరుతున్నాం. ఇస్లామీ విద్యల చరిత్రలో ఇంత గొప్ప పేరు పొందిన మనిషి మదర్సా గడప తొక్కింది దీన్ మీద ప్రేమతో కాదు, రొట్టె కోసం. ఇది మేము అంటున్న మాట కాదు. పెద్దయ్యాక ఆయనే దీన్ని దాచకుండా చెప్పుకునేవారు. తాము అల్లాహ్ కోసం కాక వేరే దానికోసం జ్ఞానాన్ని వెతికామని, ఆ జ్ఞానమే అల్లాహ్ కోసం తప్ప మరి దేనికీ లొంగనని మొండికేసిందని ఆయన తాత్పర్యం. మన ప్రాంతంలో కూడా ఇంట్లో గడవక మదర్సాలో చేరిన పిల్లలున్నారు. వాళ్ళను చూసి తిండి కోసం వచ్చారని పెదవి విరిచేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

తూస్ లో మొదటి చదువు అయ్యాక ఆయన జుర్జాన్ వెళ్ళారు. అక్కడి నుంచి తిరిగి వస్తుండగా దొంగలు దాడిచేసి, ఆయన పాఠాలు రాసుకున్న కాగితాల సంచి కూడా ఎత్తుకుపోయారు. ఆయన వెంటపడి ఆ కాగితాలు మాత్రం ఇవ్వమని బతిమాలితే, దొంగల నాయకుడు నవ్వి, సంచి పోతే పోయే చదువు ఏం చదువని ఎగతాళి చేసి తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట అల్లాహ్ తనకు పంపిన హెచ్చరికగా భావించి, మూడేళ్ళు కూర్చుని అంతా కంఠస్థం చేశారు.

తర్వాత నైషాపూర్ లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మ.) వద్ద శిష్యరికం. గురువు హిజ్రీ 478లో (క్రీ.శ. 1085) మరణించేనాటికి శిష్యుని పేరు బయటి ప్రాంతాలకు కూడా పాకింది. అక్కడి నుంచి ఆయన సెల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ విడిదికి చేరారు. ఆ మంత్రి ఆలిములను ఆదరించేవాడు. ఆయన సమక్షంలో పండితుల మధ్య వాదోపవాదాలు (మునాజరాలు) జరిగేవి. గజాలీ వాటిలో ఎవరికీ అందనంత ఎత్తుకు ఎదిగారు. హిజ్రీ 484లో (క్రీ.శ. 1091), 34 ఏళ్ళ వయసులో, బగ్దాద్ నిజామియా మదర్సాకు ప్రధాన ఆచార్యులుగా నియమితులయ్యారు. ఆనాటి ముస్లిం ప్రపంచంలో ఒక ఆలిం అందుకోగల అత్యున్నత స్థానాల్లో అది ఒకటి.

బగ్దాద్ లో ఆయన వైభవం ఎలా ఉండేదో చరిత్రకారుడు ఇబ్నుల్ జౌజీ (రహ్మ.) గ్రంథంలో ఒక చిన్న వివరం ఉంది. ఆయన నగరంలో అడుగుపెట్టినప్పుడు ఒంటిమీది బట్టలకు, ఎక్కివచ్చిన వాహనానికి జనం వెలకడితే 500 దీనార్లు తేలిందట. పాఠాలకు 300 మంది విద్యార్థులు కూర్చునేవారు. హంబలీ మతస్థులైన ఇబ్ను అఖీల్, అబుల్ ఖత్తాబ్ వంటి పెద్దలు సైతం వచ్చి విని ఆశ్చర్యపోయేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం, మంత్రుల సలహాల్లో స్థానం, ఫత్వాల కోసం దూరదేశాల నుంచి ఉత్తరాలు. నిజాముల్ ముల్క్ హిజ్రీ 485లో (క్రీ.శ. 1092) హత్యకు గురయ్యాడు, కొద్ది వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా మరణించాడు. అయినా గజాలీ స్థానం చెక్కుచెదరలేదు.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. అప్పుడు ఆయన సూఫీ పెద్దల గ్రంథాలు లోతుగా చదివి, ఇక మిగిలింది ఆచరణేనని గ్రహించి, తన జీవితాన్ని ఒక లెక్కల పుస్తకంలా ముందేసుకుని చూశారు. ఈ సంగతంతా ఆయన చివరి సంవత్సరాల్లో రాసుకున్న 'అల్ మున్ఖిజ్ మినజ్జలాల్' అనే ఆత్మకథలో ఉంది. తన పనులన్నిటిలో ఉత్తమమైనది ఏదని వెతికితే దీన్ బోధనే అని తేలింది. మరి ఆ బోధన ఎవరికోసం? ఈ ప్రశ్న దగ్గర ఆయన తనను తాను మోసం చేసుకోలేదు. తనను కదిలిస్తున్నది అల్లాహ్ ప్రసన్నత కాదనీ, హోదా, పేరుప్రతిష్ఠలనీ ఒప్పుకున్నారు. ఇలాగే మరణం వస్తే తన గతి నరకమేనని వణికిపోయారు.

దీని వెనుక మనందరికీ తెలిసిన ఒక హదీసు ఉంది. ప్రళయదినాన మొట్టమొదట తీర్పుకు తెచ్చే ముగ్గురి గురించి దైవప్రవక్త (స) తెలియజేసిన ఆ హదీసు సహీహ్ ముస్లింలో నమోదై ఉంది. శూరుడని పించుకోవాలని పోరాడినవాడు, పండితుడని పించుకోవాలని చదివి చదివించినవాడు, దాత అనిపించుకోవాలని ఖర్చు చేసినవాడు. ముగ్గురికీ కోరుకున్నది లోకంలోనే దక్కిపోయింది, పరలోకంలో వాటా మిగల్లేదు. అందులో రెండోవాడి స్థానంలో నిజామియా ఆచార్యుడు తన ముఖాన్ని చూసుకున్నాడు.

సత్యం తెలిసింది కదా, వెంటనే లేచి వెళ్ళిపోయారా? లేదు. ఈ భాగమే మాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చుతుంది. హిజ్రీ 488 రజబ్ నుంచి దాదాపు ఆరు నెలలు ఆయన ఊగిసలాడారు. ఉదయం వెళ్ళిపోవాలని గట్టిగా అనుకునేవారు, సాయంత్రానికి ఆ నిశ్చయం సడలిపోయేది. ఇది తాత్కాలికమైన భావన, ఇంత కుదురైన స్థానం వదిలితే మళ్ళీ దొరకదని షైతాన్ గుసగుసలాడేవాడు. చివరికి విషయం ఆయన చేతుల్లోంచి జారిపోయింది. ఒకరోజు విద్యార్థుల ముందు కూర్చుంటే నాలుక కదల్లేదు. వాళ్ళను సంతోషపెట్టాలని ప్రయత్నించినా ఒక్క మాట రాలేదు. ఆ దిగులుతో అన్నం సహించలేదు, ఒక్క ముద్ద కూడా అరగలేదు. వైద్యులు వచ్చి చూసి, జబ్బు మనసులో పుట్టి ఒంటికి పాకిందని, మనసు కుదుటపడితే తప్ప మందు పనిచేయదని చేతులెత్తేశారు. అప్పుడు ఆయన ఏ దారీ లేని నిస్సహాయుడిలా అల్లాహ్ ముందు మోకరిల్లారు. హోదాను, సంపదను వదలడం అల్లాహ్ ఆయనకు సులభం చేశాడు.

హజ్ కు వెళ్తున్నానని చెప్పి, మనసులో సిరియా ప్రయాణం పెట్టుకుని ఆయన బగ్దాద్ వదిలారు. అది జుల్ ఖాదా 488, క్రీ.శ. 1095 నవంబరు. నిజం చెబితే ఖలీఫా, మిత్రులు వెళ్ళనివ్వరని ఆయన భయం. తనకు, పిల్లలకు సరిపడేంత మాత్రం ఉంచి మిగిలిన సొమ్మంతా పంచేశారు. భార్యాబిడ్డల్ని గాలికి వదిలేసి తబ్లీగు పేరునో, తసవ్వుఫ్ పేరునో బయలుదేరేవారు ఈ సంగతిని గమనించాలి. మదర్సా పాఠాలు తమ్ముడు అహ్మద్ కు అప్పగించారు. బగ్దాద్ జనం రకరకాలుగా అనుకున్నారు. పాలకులకు భయపడి పారిపోయాడని దూరంగా ఉన్నవాళ్ళు అనుకున్నారు. పాలకులే ఉండమని ఎంత బతిమాలారో చూసినవాళ్ళేమో ముస్లిములకు ఏదో దిష్టి తగిలిందన్నారు. ఒక మనిషి నియ్యత్ సరిచేసుకోవడం కోసం ఇంత పని చేస్తాడని ఎవరికీ తట్టలేదు.

డమాస్కస్ లో దాదాపు రెండేళ్ళు ఉన్నారు. జామె మస్జిదు మినారా ఎక్కి, తలుపు మూసుకుని పగలంతా ఆరాధనలో గడిపేవారు. అక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్ వెళ్ళారు. అల్ ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీం (అ) సమాధి వద్ద హిజ్రీ 489లో మూడు ప్రతిజ్ఞలు చేసుకున్నారు. ఏ పాలకుని దర్బారుకూ వెళ్ళకూడదు, ఏ పాలకుని సొమ్మూ తీసుకోకూడదు, ఎవరితోనూ వాదోపవాదాలకు దిగకూడదు. గమనించండి, తనను పాడుచేసిన తలుపులు ఏవో గుర్తుపట్టి సరిగ్గా వాటినే మూసుకున్నారు. ఆ తర్వాత హజ్, మదీనా దర్శనం. చివరికి పిల్లల మీద బెంగ ఆయన్ను సొంత ఊరికి లాక్కొచ్చింది.

ఈ సంవత్సరాల్లోనే 'ఇహ్యా ఉలూమిద్దీన్' రూపుదిద్దుకుంది. నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో పది చొప్పున మొత్తం 40 గ్రంథాలు. వీటిలో 28వది హోదా వ్యామోహం, ప్రదర్శనాబుద్ధి (రియా) గురించి, 37వది నియ్యత్, ఇఖ్లాస్ గురించి. ఇహ్యాలోని హదీసులన్నీ ఒకే స్థాయివి కావు. బలహీనమైనవీ ఉన్నాయి, హాఫిజ్ జైనుద్దీన్ ఇరాఖీ (రహ్మ.) తర్వాతి కాలంలో వాటిని పరిశీలించి వేరుచేశారు. కాబట్టి హదీసు కోసం ఇహ్యాను ఆశ్రయించేవారు జాగ్రత్తగా ఉండాలి. మనసు రోగాల గురించి మాత్రం అంత సూక్ష్మంగా రాసినవారు అరుదు. ఆ రోగాన్ని స్వయంగా అనుభవించి రాసినది కదా.

మనిషిని పనికి పురికొల్పే ప్రేరణను ఆయన ఎలా విడదీశారో చూడండి. ఒకడు కూర్చుని ఉండగా సింహం మీదికి వచ్చింది, లేచి పరుగెత్తాడు. ఆ పరుగుకు కారణం ఒక్కటే. అలా ఒకే కారణంతో, అల్లాహ్ కోసమే జరిగే పని ఇఖ్లాస్ గల పని. కానీ మన పనుల్లో ఎక్కువ భాగం అలా ఉండవు. ఒక పేద బంధువు సాయమడిగాడు, ఇచ్చాం. అతను బంధువు కాకపోయినా పేదరికం చూసి ఇచ్చేవాళ్ళమా? పేద కాకపోయినా బంధుత్వం చూసి ఇచ్చేవాళ్ళమా? లేక రెండూ కలిస్తేనే చెయ్యి జేబులోకి వెళ్ళిందా? ఇంకొకడు రోజూ రాత్రి నఫిల్ నమాజులు చేసేవాడే, కానీ ఇంటికి చుట్టాలొచ్చిన రాత్రి ఆ నమాజు కాస్త తేలికగా అనిపిస్తుంది. అసలు ప్రేరణ అల్లాహే, జనం కొద్దిగా తోడయ్యారు. ఇలా కలిసిపోయిన ప్రేరణల్లో అల్లాహ్ వైపు ఎంత బరువుందో అంత పుణ్యం, ప్రదర్శన వైపు మొగ్గు ఎక్కువైతే పాపం, రెండూ సమానమైతే పుణ్యమూ లేదు పాపమూ లేదని ఆయన అభిప్రాయం.

నియ్యత్ అంటే నోటితో పలికే మాట కాదని కూడా ఆయన స్పష్టం చేశారు. కడుపు నిండినవాడు ఆకలి వేయాలని సంకల్పిస్తున్నానని చెబితే ఆకలి వేస్తుందా? నియ్యత్ కూడా అంతే, అది మనసు ఒకవైపు మొగ్గడం. పరలోకం మీద నమ్మకం బలపడిన కొద్దీ మొగ్గుతుంది. మరి నరకభయంతోనో స్వర్గాశతోనో చేసే మంచి తక్కువదా? కాదు. ఖుర్ఆన్ స్వయంగా ఆ రెండింటినీ మన ముందుంచింది. అల్లాహ్ మీది ప్రేమతో చేయడం వాటికంటే పై మెట్టు, అంతే.

ఇహ్యాలోని రెండు కథలు మా ఉస్తాదులు తరచూ చెప్పేవారు. ఒకాయన 30 ఏళ్ళపాటు జమాఅత్ నమాజును మొదటి సఫ్ లోనే చేశాడు. ఒకరోజు ఆలస్యమై రెండో వరుసలో నిలబడాల్సి వచ్చింది. జనం చూస్తారేమోనని సిగ్గేసింది. అప్పుడతనికి తెలిసింది, ఇన్నాళ్ళూ మొదటి సఫ్ లో తన మనసుకు దొరికిన హాయి జనం చూపుల నుంచి వచ్చిందని. 30 ఏళ్ళ నమాజులను ఖజా చేసుకున్నాడట. (ఫిఖహ్ ప్రకారం అలా ఖజా చేయనవసరం లేదు. ఎవరూ దీన్ని ఫత్వాగా తీసుకోకండి.)

రెండోది బనీ ఇస్రాయీల్ కాలపు కథగా చెబుతారు, హదీసు కాదు. జనం ఒక చెట్టును పూజిస్తున్నారని విని ఒక భక్తుడు గొడ్డలి తీసుకుని బయలుదేరాడు. ఇబ్లీస్ ముసలివాడి రూపంలో అడ్డం వచ్చాడు. ఇద్దరూ కలబడితే భక్తుడు అతన్ని కిందపడేసి గుండెలమీద కూర్చున్నాడు. ఓడిన ఇబ్లీస్ బేరం పెట్టాడు. చెట్టు జోలికి రాకపోతే రోజూ తలగడ కింద రెండు దీనార్లు పెడతానని, వాటితో తానూ తిని పేదలకూ పంచవచ్చని ఆశపెట్టాడు. భక్తుడు ఒప్పుకున్నాడు. రెండు రోజులు దీనార్లు దొరికాయి, ఆ తర్వాత దొరకలేదు. మండిపడి మళ్ళీ గొడ్డలి తీసుకుని వెళ్ళాడు. ఈసారి ఇబ్లీస్ అతన్ని పిచ్చుకలా నేలకేసి కొట్టాడు. మొదటిసారి కోపం అల్లాహ్ కోసం, రెండోసారి దీనార్ల కోసం. గొడ్డలీ అదే, చెట్టూ అదే. ఈ రోజుల్లో బియ్యం బస్తా ఇచ్చి, ఆ పేదవాడి చేయి బస్తా మీద ఉండగానే సెల్ ఫోనులో ఫోటో తీసేవారిని చూస్తే మాకు ఈ కథే గుర్తొస్తుంది.

అయితే రియా భయంతో మంచిపని మానేయమని ఆయన చెప్పలేదు. జనం చూస్తారని చేయడం ఎలా జనం కోసమో, జనం చూస్తారని మానడం కూడా అలాగే జనం కోసమే. షైతాన్ కు కావలసింది కూడా మనం మానేయడమే. పని చేస్తూ ఉండాలి, నియ్యత్ ను దిద్దుకుంటూ ఉండాలి. ఇంట్లో వంట చేసే తల్లి, దుకాణంలో త్రాసు పట్టుకున్న వ్యాపారి కూడా ఒక మంచి సంకల్పంతో తమ రోజువారీ పనిని ఆరాధనగా మార్చుకోవచ్చు.

దీనికి ఆయన జీవితమే సాక్ష్యం. 11 ఏళ్ళ తర్వాత, హిజ్రీ 499లో (క్రీ.శ. 1106), నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టడంతో ఆయన నైషాపూర్ నిజామియాలో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టారు. అదే వృత్తి, ఇంచుమించు అవే పాఠాలు. పాలకుల జోలికి పోనన్నవాడు మంత్రి పిలిస్తే ఎలా వెళ్ళారని విమర్శించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన సమాధానం తన ఆత్మకథలోనే ఉంది. ఒకప్పుడు హోదా సంపాదించిపెట్టే విద్యను హోదా కోసం బోధించానని, ఇప్పుడు హోదాను వదలడం నేర్పే విద్య వైపు పిలుస్తున్నానని, ఇది తన ఉద్దేశమని, లోపలి నిజం అల్లాహ్ కే తెలుసని దాని సారాంశం. ఆ చివరి మాట గమనించారా? అన్నేళ్ళ తపస్సు తర్వాత కూడా తన నియ్యత్ కు తానే ధ్రువపత్రం ఇచ్చుకోలేదు.

నైషాపూర్ చరిత్రకారుడు అబ్దుల్ గాఫిర్ ఫారసీ ఆయన్ను బాగా ఎరిగినవాడు. పాత గజాలీలోని గర్వాన్ని, ఇతరులను చిన్నచూపు చూడటాన్ని కళ్ళారా చూసినవాడు. అందుకే ఈ మార్పంతా నటనేమోనని మొదట అనుమానించాడు. ఎన్నోసార్లు వెళ్ళి కలిసి, దగ్గరుండి పరీక్షించాక తన అనుమానం తప్పని రాశాడు. ఆయన్ను కొందరు బాధించారు, నిందలు వేశారు. ఒకప్పుడైతే వాదనలో చీల్చిచెండాడే మనిషి ఇప్పుడు బదులు చెప్పడమే మానేశారని కూడా రాశాడు. సఫర్ల తర్వాత బగ్దాద్ లో కనిపించినప్పుడు ఆయన బట్టలకు మళ్ళీ వెలకడితే 15 ఖీరాత్ లు తేలిందట. అది ఒక్క దీనారు కూడా కాదు.

మన ఉర్దూ పాఠకులకు ఆయన జీవితాన్ని పరిచయం చేసినవారిలో ముఖ్యులు అల్లామా షిబ్లీ నౌమానీ. ఆయన హైదరాబాద్ లో ఉద్యోగం చేస్తున్న కాలంలో, 1902లో 'అల్ గజాలీ' వెలువడింది. ఇహ్యా పెద్ద గ్రంథమని జంకేవారు ఇమామ్ గారు ఫారసీలో రాసిన 'కీమియాయె సఆదత్' ఉర్దూ అనువాదంతో మొదలుపెట్టవచ్చు.

చివరి సంవత్సరాలు తూస్ లోనే గడిచాయి. ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మదర్సా, సూఫీలకు ఒక ఖాన్ఖాహ్ కట్టించి, వారి మధ్య ఉంటూ ఖుర్ఆన్ పారాయణంలో, బుఖారీ, ముస్లిం హదీసుల అధ్యయనంలో నిమగ్నమయ్యారు.

హిజ్రీ 505 జమాదిల్ ఆఖిర్ 14, సోమవారం (క్రీ.శ. 1111 డిసెంబరు 18) తెల్లవారుజామున వుజూ చేసుకుని నమాజు చేశారు. తన కఫన్ తెప్పించుకుని, ముద్దాడి కళ్ళకద్దుకున్నారు. ప్రభువు సన్నిధికి వెళ్ళడానికి సిద్ధమేనని చెప్పి, ఖిబ్లా వైపు కాళ్ళు చాపి పడుకున్నారు. తెల్లవారేలోగా ప్రాణం పోయింది. ఈ సంగతి తమ్ముడు అహ్మద్ చెప్పగా ఇబ్నుల్ జౌజీ నమోదు చేశారు. అంతకు కొంచెం ముందు సహచరుల్లో ఒకరు ఏదైనా ఉపదేశం చేయమని అడిగితే ఇఖ్లాస్ ను అంటిపెట్టుకోమన్నారని, ఊపిరి ఆగేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ అంటూ ఉన్నారని కూడా ఆయన రాశారు.

తూస్ లోని తాబరాన్ లోనే ఖననం జరిగింది. ఆయనకు కుమార్తెలే మిగిలారు. పూర్వీకుల నుంచి వచ్చినది, స్వయంగా సంపాదించినది కలిపి ఇల్లు గడవడానికి సరిపడేంత ఉండేదని, బయటి నుంచి ఎంత సొమ్ము ఇవ్వజూపినా ఆయన తీసుకోలేదని ఫారసీ రాశాడు.